అమ్మానాన్నలతో ఇంగ్లండ్ పల్లెల్లో నడక: కాటన్ దొర సమాధి, బాక్స్ హిల్, ఇంకా ఎక్కడెక్కడ?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. మేం రెడింగ్‌లో ఉంటాం. జూన్‌లో అమ్మా నాన్నా వస్తున్నారు. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు అన్నీ పోయినసారే అయిపోయాయి, నాన్నకి అవేవీ పెద్దగా ఎక్కలేదు, ఆయనకి నచ్చిందల్లా రైల్లోంచి కనిపించిన పొలాలే. "ఎవరిదో చేను మధ్యలోంచి వీళ్ళు కుక్కనేసుకుని దర్జాగా నడుచుకుంటూ పోతున్నారేంట్రా, కాపోడు ఏమనడా" అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఈసారి ఇంకో కోరిక కూడా ఉంది, మాది ధవళేశ్వరం పక్కనే, కాటన్ దొర సమాధి ఈ దేశంలోనే ఏదో ఊళ్ళో ఉందట కదా అక్కడికి తీసుకెళ్ళు అంటున్నారు. నాన్నకి 68, బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, సమంగా ఉంటే ఓ గంట నడుస్తుంది, ఎక్కడం దిగడం కష్టం. పాత కోటలు, రాళ్ళు, పొలాల గట్లు, ఇలాంటివి ఎవరైనా పెద్దవాళ్ళని తీసుకెళ్ళి ఉంటే చెప్పండి ప్లీజ్.

బెజవాడ_బుల్లోడు
ఇండియా నుంచి పదిగంటలు ఫ్లైట్‌లో కూచోబెట్టి తెచ్చి గొర్రెల పెంటలో నడిపిస్తావా గురూ 😂 బైస్టర్ షాపింగ్‌కి తీసుకెళ్ళి రెండు హ్యాండ్‌బ్యాగులు కొనిపెట్టు, అమ్మ హ్యాపీ

గోదారి_గట్టు
మా అమ్మ హ్యాండ్‌బ్యాగ్ రేటు చూసి దాన్ని రూపాయల్లోకి మార్చి అక్కడే కూలబడిపోతుందండీ. వద్దు.

మట్టిబూట్లు
గోదారి గట్టు గారూ, మీరు రెడింగ్‌లో ఉండటం మీ అదృష్టం. కాటన్ గారి సమాధి సర్రీలో డోర్కింగ్ అనే ఊళ్ళో ఉంది. ఇండియా నుంచి వచ్చేశాక ఆయన ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు, 1899 జూలై 24న అక్కడే పోయారు, 96 ఏళ్ళు బతికారు. రెడింగ్ నుంచి గిల్‌ఫర్డ్ మీదుగా గాట్విక్ వైపు వెళ్ళే రైలు ఉంటుంది చూడండి, దాని పేరే నార్త్ డౌన్స్ లైన్, అది ఎక్కితే మారే పని లేకుండా డోర్కింగ్ డీప్‌డీన్ స్టేషన్లో దిగిపోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ స్టేషన్ కట్ట మీద ఉంటుంది, మెట్లు దిగాలి, అమ్మగారికి కాస్త టైమివ్వండి.

స్టేషన్ నుంచి డీప్‌డీన్ రౌండబౌట్ దాకా వచ్చి రెయిగేట్ రోడ్డు పట్టుకుంటే పది పదిహేను నిమిషాల్లో డోర్కింగ్ సెమెటరీ వస్తుంది, 1855లో తెరిచిన విక్టోరియా కాలం శ్మశానం, ఏటవాలుగా కొండ పక్కకి ఉంటుంది, పెద్ద పెద్ద చెట్లు. ఆ రౌండబౌట్‌లో ఓ పేద్ద లోహపు కోడిపుంజు బొమ్మ ఉంటుంది, మిస్ అవ్వరు. డోర్కింగ్ కోడి అనేది ఇక్కడి పాత జాతి, మామూలు కోళ్ళకి కాలికి నాలుగు వేళ్ళుంటే దీనికి ఐదు.

నాన్నగారికి ఓపికుంటే అక్కడినుంచి బాక్స్ హిల్. పిక్స్‌హమ్ లేన్ పట్టుకుని వెళ్తే మోల్ అనే చిన్న ఏరు, దాని మీద అడుగు రాళ్ళు వేసి ఉంటాయి, ఒక్కో రాయి మీద కాలేసుకుంటూ దాటాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వస్తారేమోనని పాత రాళ్ళు పీకేశారు, మళ్ళీ కొత్తగా వేశాక 1946లో వాటిని తెరిచింది ప్రధాని అట్లీ, మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇక్కడ గద్దె మీదున్న ఆ అట్లీయే. వానలు పడితే రాళ్ళు మునిగిపోతాయి, అప్పుడు పక్కనే కాలిబాట వంతెన ఉంది. ఏరు దాటాక కొండ మీదకి నిలువు మెట్లు, అది మాత్రం అమ్మగారి వల్ల కాదు. ఆవిడని కారులోనో టాక్సీలోనో జిగ్‌జాగ్ రోడ్డు మీదుగా పైకి పంపించేయండి, పైన నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాలూ పల్లె ప్రాంతాలూ కాపాడే సంస్థ) వాళ్ళ కెఫే ఉంది, సాలమన్స్ వ్యూపాయింట్ అక్కడినుంచి దగ్గరే. అక్కడ నిలబడితే డోర్కింగ్ ఊరంతా, అవతల లీత్ హిల్ దాకా కనిపిస్తుంది.

బెజవాడ_బుల్లోడు
ఐదు వేళ్ళ కోడా?? భీమవరంలో ఎవరికైనా తెలిస్తే సంక్రాంతికి ఛార్టర్ ఫ్లైట్ వేస్తారు

చింతచెట్టు_కింద
గోదారి గట్టు గారూ, మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు ఇలాగే తిప్పాం కాబట్టి చెప్తున్నా. దూరం గురించి కంగారు పడకండి, అసలు తిప్పలన్నీ స్టైల్స్‌తోనే. స్టైల్ అంటే కంచె దాటడానికి రెండు చెక్కలు అడ్డంగా వేసి ఉంచుతారు, కాలెత్తి అవతలకి వేసి తిరిగి దిగాలి. చీర కట్టుకున్నవాళ్ళకి అది నరకం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మరీను. కొన్నిచోట్ల వీటిని తీసేసి కిస్సింగ్ గేట్లు పెట్టారు, అంటే మనిషి ఒక్కడే పట్టేలా గుండ్రటి కంచెలో ఊగే గేటు, అది ఫర్వాలేదు. కాబట్టి నెట్‌లో రూట్ వెతికేటప్పుడు "స్టైల్స్ లేని నడక" అని చూసుకోండి, నేషనల్ ట్రస్ట్ వాళ్ళు వాళ్ళ సైట్‌లో ఒక్కో నడకకీ గేట్లెన్ని, మెట్లున్నాయా, బురదుంటుందా అన్నీ రాస్తారు.

రెండోది బాత్రూమ్. పొలాల మధ్యలో ఉండవు. బయల్దేరే ముందు కెఫేలోనో పబ్బులోనో పని కానిచ్చుకోండి. మూడోది తిండి. పబ్బులో శాకాహారం అంటే చిప్స్, జాకెట్ పొటాటో, లేదంటే బఠాణీలేసిన ఏదో ఒకటి, మా మామగారు ఒక్కరోజుకే మొహం వాచిపోయారు. మర్నాటి నుంచి పులిహోర, దద్దోజనం డబ్బాల్లో కట్టుకెళ్ళాం. బెంచీ కనపడితే చాలు కూచుని తినేయడమే, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకావిడ వచ్చి ఈ వాసనేంటి ఇంత బావుంది అంటే అత్తగారు ఇంగువ గురించి పది నిమిషాలు తెలుగులో క్లాసు పీకారు, ఆవిడా అంతసేపూ తలూపుతూ విన్నది పాపం.

గోదారి_గట్టు
మట్టిబూట్లు గారు, చింతచెట్టు గారు, చాలా చాలా థాంక్సండి. డైరెక్ట్ రైలుందని అస్సలు తెలీదు. మరి నాన్న ప్రశ్నకి జవాబు? ఎవరిదో పొలంలోంచి నిజంగానే నడవచ్చా, కేసు పెట్టరా?

ఓరుగల్లు_పోరడు
అన్నా గిది నేను జెప్త. నడవచ్చు, గని ఎక్కడ వడితే అక్కడ గాదు. ఇంగ్లండ్, వేల్స్ రెండిట్ల కలిపి దగ్గర దగ్గర లక్షా నలభై వేల మైళ్ళ దారులున్నయ్, వీటిని రైట్స్ ఆఫ్ వే అంటరు. భూమి ఎవనిదైనా గానీ, ఆ దారి మీద నడిచే హక్కు మాత్రం అందరిది. రైతు దాన్ని మూసెయ్యనీకి లేదు. దున్నితే రెండు వారాలల్ల మళ్ళ దారి చేసియ్యాలె, చేను నడుమ నుంచి పోయే ఫుట్‌పాత్ అయితే కనీసం ఒక మీటరు వెడల్పు ఇడిచి పెట్టాలె. గోధుమ చేను నడుమల సన్నగా గీత గీసినట్టు దారి కనిపిస్తది చూడు, గదే.

గుర్తులు జూసుకోవాలె. పసుపు బాణం ఉంటే నడిచేటోళ్ళకే. నీలం ఉంటే గుర్రం, సైకిల్ గూడ పోవచ్చు. ఎర్ర బాణం ఉంటే బండ్లు గూడ వస్తయ్, పక్కకు జరుగు. కౌన్సిల్ల డెఫినిటివ్ మ్యాప్ అని ఉంటది, అండ్ల ఎక్కిందంటే చట్టం ప్రకారం అది దారే.

అయితే గీ హక్కులు వీళ్ళకు ఉత్తగ రాలే. నేనుండేది షెఫీల్డ్, మా దగ్గర పీక్ డిస్ట్రిక్ట్‌ల కిండర్ స్కౌట్ అని గుట్ట ఉంటది. ఒకప్పుడు ఆ గుట్టలన్నీ దొరలు వేటాడుకునే జాగలు, కూలోళ్ళు అడుగు పెడితే కావలోళ్ళు కట్టెలతోని కొట్టేది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ దిక్కు నుంచి మిల్లులల్ల పనిచేసే పోరలు వందల మంది కలిసి జబర్దస్తీగ గుట్ట ఎక్కిండ్రు. బెన్నీ రాత్‌మన్ అని ఇరవై ఏండ్ల పిలగాడు ముందల నడిచిండు. ఐదుగురిని జైల్ల ఏసిండ్రు. ఏసినంక పబ్లిక్‌ల ఇంక లొల్లి లేసింది. 1949ల నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951ల మొదటి నేషనల్ పార్క్ గా పీక్ డిస్ట్రిక్టే అయ్యింది, 2000ల ఇంకో చట్టం వచ్చి గుట్టలు, బీడు భూములల్ల దారి ఇడిచిపెట్టి గూడ తిరగొచ్చన్నరు. మనకాడ జల్ జంగల్ జమీన్ అన్నరు, వీళ్ళు గూడ గదే కొట్లాట వేరే తీర్గ కొట్లాడిండ్రు. ఈడేల్ స్టేషన్ల దిగి చూడు ఒక్కసారి, పెన్నైన్ వే అని 268 మైళ్ళ దారి ఆడికెంచే షురూ అయితది, స్కాట్లండ్ ల ఖతమైతది.

ఇగ కాటన్ సమాధికి దండం పెట్టుడు మాత్రం నాకు సమజ్ కాలే. కంపెనోడు పన్ను రాబట్టుకోనీకి కట్టిండు ఆనకట్ట. మీదికెల్లి దండలా?

గోదారి_గట్టు
పోరడు గారూ, మీరు చెప్పిన కిండర్ కథ నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించా, చాలా ఇష్టపడ్డారు. రెండో దానికి ఆయన మాటే రాస్తున్నా: "మా తాత వాళ్ళ నాన్నకి నందన కరువులో తిండి లేదు. ఆనకట్ట తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆకలికి చావలేదు. కంపెనీ ఎందుకిచ్చిందో కంపెనీని అడుక్కోమను."

మట్టిబూట్లు
రెండూ నిజమేనండీ, ఇందులో కొట్టుకోడానికేం లేదు. డబ్బు తిరిగొస్తుందని లెక్క తేలాకే కంపెనీ ఒప్పుకుంది, 1847లో మొదలెట్టి 1852కల్లా పూర్తి చేశారు. కానీ కాటన్ ఆ తర్వాత చేసింది కూడా చూడాలి, ఇంగ్లండ్ వచ్చాక కూడా రైళ్ళ మీద పోసే డబ్బు కాలవల మీద పొయ్యండి కరువులుండవు అని జీవితాంతం ఇక్కడి ప్రభుత్వంతో గొడవపడుతూనే ఉన్నాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూచోబెట్టి ఆయన్ని గట్టిగానే అడిగారు. గోదావరి జిల్లాల్లో స్నాన సంకల్పంలో ఆయన్ని భగీరథుడితో కలిపి తలుచుకునే శ్లోకం ఊరికే పుట్టలేదు. డోర్కింగ్‌లో మాత్రం ఆయనకన్నా ఆయన కూతురు లేడీ హోప్ గురించే ఎక్కువ చెప్పుకుంటారు, ఊళ్ళో కూలివాళ్ళు సారా కొట్లకి పోకుండా కాఫీ కొట్టు పెట్టిందావిడ.

మోడరేటర్
ఆనకట్ట రాజకీయం ఇక్కడితో ఆపి నడక గురించే మాట్లాడుకుందాం. కాటన్ మీద వేరే థ్రెడ్ ఉంది, అక్కడ నలభై పేజీలు ఆల్రెడీ కొట్టుకున్నారు.

రాళ్ళసీమ
స్విండన్ నుంచి హాజర్. నా పేరు చూసి నవ్వొద్దు, మాది కడప, నాకు రాళ్ళ పిచ్చి. గోదారి గట్టు అన్నా, రెడింగ్ నుంచి స్విండన్ రైలెక్కు, అక్కడ 49 నంబర్ బస్సెక్కు, ఏవ్‌బరీలో దిగు. అక్కడ పాతకాలం నిలువు రాళ్ళ వలయం ఉంది, పేరుమోసిన స్టోన్‌హెంజ్ రాళ్ళ వలయం కంటే చాలా పెద్దది, స్టోన్‌హెంజ్‌లో మామూలు రోజుల్లో తాడు కట్టి దూరం నుంచి చూపిస్తారు, ఇక్కడ ఏ తాడూ లేదు. ప్రపంచంలోనే పెద్ద రాతి వలయం, దాని మధ్యలోంచి మెయిన్ రోడ్డు పోతాంది, ఊరు కూడా సగం లోపలే ఉంది, రెడ్ లయన్ పబ్బులో కూచుని చూస్తే చుట్టూ రాళ్ళే. వలయం చూడ్డానికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కి మాత్రం కట్టాల. రాయి మీద చెయ్యేసి నిలబడొచ్చు, నీ పక్కనే గొర్రె అదే రాయికి వీపు గోక్కుంటా ఉంటాది. అమ్మకి కూడా ఫర్వాలేదు, చాలా వరకు సమంగా గడ్డి మీదే నడక, వలయం చుట్టూ ఉన్న మట్టి కట్ట మీదకి ఎక్కకపోతే చాలు.

ఇక్కడి కథ ఒకటి చెప్పాల. నడిమి కాలంలో ఊరోళ్ళు ఇవి దయ్యాల రాళ్ళని భయపడి గుంతలు తీసి పూడ్చేసినారు. తర్వాతి తరాలోళ్ళకి భయం పోయి ఆశ పుట్టింది, నిప్పుబెట్టి కాల్చి నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. ఊళ్ళో గోడలు జాగ్రత్తగా చూడు, అవే రాళ్ళు. 1930ల్లో అలెగ్జాండర్ కీలర్ అని మార్మలేడ్ కంపెనీ వారసుడు ఒకడు వచ్చి భూమంతా కొని, పూడ్చిన రాళ్ళు తవ్వి మళ్ళీ నిలబెట్టినాడు. 1938లో ఒక రాయెత్తితే కింద అస్థిపంజరం, పక్కన కత్తెర, నాణేలు, 14వ శతాబ్దం మనిషి. కత్తెరుంది కాబట్టి క్షురకుడనుకుంటున్నారు, ఆ రాయిని ఇప్పటికీ క్షురకుడి రాయి అనే అంటారు.

వలయం అయినాక నాన్నని సిల్బరీ హిల్ చూపించు. అది కొండ కాదు, మనుషులు చేత్తో పోసిన మట్టి దిబ్బ, దగ్గర దగ్గర 4400 ఏళ్ళ కిందటిది, ఎందుకు పోసినారో ఇప్పటికీ తేల్లేదు. పైకి ఎక్కనీయరు, దూరం నుంచే. రోడ్డుకి అవతల పొలం గట్టెంబడి పది నిమిషాలు ఎక్కితే వెస్ట్ కెన్నెట్ లాంగ్ బ్యారో, అది సమాధి, క్రీ.పూ. 3650 ప్రాంతంది, దానికి కాపలా లేదు టికెట్ లేదు, వంగి లోపలికి పోవచ్చు. టార్చ్ తీసుకుపో. ఆ పక్కా ఈ పక్కా చిన్న చిన్న గదులు, బండలు మీద బండలు. తెలంగాణోళ్ళు రాకాసి గుళ్ళంటారే, భద్రాద్రి జిల్లా అడవుల్లో, అవి చూసినోళ్ళకి ఇక్కడ చాలాసేపు బయటికి రాబుద్ధి కాదు. నిలువు రాళ్ళ సంగతికొస్తే మన ముడుమాల్ యునెస్కో ప్రాథమిక జాబితాలోకి 2025లో ఎక్కింది, ఏవ్‌బరీ 1986లోనే స్టోన్‌హెంజ్‌తో కలిపి పూర్తి జాబితాలో ఉంది. మనోళ్ళు ఇంకా చానా దూరం పోవాల.

బెజవాడ_బుల్లోడు
సరే నేను కూడా సీరియస్‌గా అడుగుతా. మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి ఈ ఆదివారం పోదాం అని కూచుంది. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ చాలదా? షూస్ కొనాలా?

మట్టిబూట్లు
గూగుల్ మ్యాప్స్ రోడ్లకి. పొలాల్లో అది చాలా దారులు చూపించదు, చూపించినా అది హక్కున్న దారో ఎవరి ఇంటి వాకిలో చెప్పదు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే, వాళ్ళ మ్యాప్ తీసుకోండి, నారింజ రంగు అట్ట ఉన్నది ఎక్స్‌ప్లోరర్, నాలుగు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు, ఫుట్‌పాత్‌లు ఆకుపచ్చ గీతల్లో ఉంటాయి, పొలం కంచెలు కూడా గీసుంటాయి. డోర్కింగ్, బాక్స్ హిల్‌కి 146 నంబరు, ఏవ్‌బరీకి 157. ఫోన్ యాప్ కూడా ఉంది కానీ లోయల్లో సిగ్నల్ పోతుంది, ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కాగితం మ్యాప్‌కి బ్యాటరీ అక్కర్లేదు.

షూస్: ఎండాకాలం మామూలు స్పోర్ట్స్ షూ చాలు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు చొరబడని బూట్లు లేకపోతే ఇంటికెళ్ళాక భార్యాభర్తల మధ్య ఏం జరిగినా నాకు సంబంధం లేదు. సర్రీ మట్టి జిగురు, ఒక్కో బూటుకీ అరకేజీ అంటుకుని వస్తుంది.

చింతచెట్టు_కింద
కారులో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆ పల్లె సందుల్లో రెండు వైపులా మనిషెత్తు పొదలు, ఒక్క బండే పడుతుంది, బోర్డు చూస్తే అరవై మైళ్ళ దాకా పోవచ్చన్నట్టు ఉంటుంది, పోకండి. ఎదురుగా ట్రాక్టరొస్తే మనమే వెనక్కి పోనిచ్చి పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి. మావారు రివర్స్ గేర్‌లో నేర్చుకున్నదంతా ఆ సందుల్లోనే.

గోదారి_గట్టు
నేను సందుల్లో నడపను, రైలూ బస్సే నయం. రెడింగ్ పక్కనే ఇంకేమైనా ఉన్నాయా, సాయంత్రం పూట పోయొచ్చేలా?

మట్టిబూట్లు
ఉంది, మీ పక్కనే ఉండి చాలామందికి తెలీదు. చిల్టర్న్ కొండల్లో స్టోక్ రో అని చిన్న ఊరు, హెన్లీకి దగ్గర. అక్కడ మహారాజుగారి బావి ఉంది. 368 అడుగుల లోతు, వెడల్పు నాలుగడుగులే, మొత్తం మనుషులు చేత్తో తవ్వింది. కట్టించిందెవరనుకున్నారు, కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్. ఆ ప్రాంతంవాడు రీడ్ అని కాశీ వైపు ఉద్యోగం చేసేవాడు, మా ఊళ్ళో నీళ్ళకి ఎంత కరువంటే ఇంట్లో ఉన్న ఆఖరి గుక్కెడు నీళ్ళూ తాగేశాడని కొడుకుని తల్లి చితక్కొట్టింది అని రాజుగారికి చెప్పాడట, రాజు అది మర్చిపోలేదు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున బావి తెరిచారు. పైన ఇనుప గుమ్మటం, నీళ్ళు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ. చూడ్డానికి డబ్బుల్లేవు. చుట్టూ బీచ్ అనే జాతి చెట్ల అడవి, సన్నటి దారులు, వేసవిలో అడవిలోపల దాదాపు చీకటిగా ఉంటుంది. మ్యాప్ నంబరు 171.

కాటన్ మనకి నీళ్ళిచ్చిన పన్నెండేళ్ళకి మనవాళ్ళు వీళ్ళకి నీళ్ళిచ్చారన్నమాట. ఓరుగల్లు పోరడు గారు ఇది చదివితే కాస్త చల్లబడతారేమో.

ఓరుగల్లు_పోరడు
చల్లవడ్డ అన్న 😄 గిసొంటియి జెప్పుండ్రి, గవి మంచిగున్నయ్.

అట్లయితే నేను గూడ ఒకటి జెప్త. బ్రైటన్ ఊరి పైన సౌత్ డౌన్స్ గుట్టల మీద ఛత్రి ఉంటది. మొదటి ప్రపంచ యుద్ధంల గాయాలైన మన సిపాయిలను బ్రైటన్ ప్యాలెస్‌ల పెట్టి వైద్యం చేసిండ్రు. చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సిపాయిలను గీ గుట్ట మీదనే దహనం చేసిండ్రు. ముస్లిం సిపాయిలను వోకింగ్‌ల పాతిపెట్టిండ్రు. దహనం చేసిన జాగల తెల్ల పాలరాతి ఛత్రి కట్టి 1921 ఫిబ్రవరి 1న తెరిచిండ్రు, దాని నమూనా గీసింది బొంబాయి ఆర్కిటెక్ట్ హెన్రిక్స్. ఆడికి కారు పోదు. ప్యాచమ్ కాడ హైవే దాటి గొర్రెల నడుమ నడిచే పోవాలె, ఎక్కుడు ఉంటది గని మెల్లగ పోతే అయితది. పోయినంక పక్కన గోడ మీద పేర్లుంటయ్, ఒక్కొక్క పేరు చదివినంక గాలి గుట్ట మీద గట్టిగ కొడ్తది. జూన్‌ల ఏడాదికొకసారి అందరొచ్చి దండలేస్తరు, మీ అమ్మానాన్న అప్పుడే వస్తున్నరు కదా, తారీఖు జూసుకొని పోండ్రి.

న్యూకాసిల్_సుబ్బలక్ష్మి
అందరూ దక్షిణం దగ్గరే ఆగిపోయారేమర్రా! ఉత్తరానికి రండి. హేడ్రియన్ గోడ చూడకుండా ఇంగ్లండ్ చూశామంటే నేనొప్పుకోను. క్రీ.శ. 122లో రోమ్ చక్రవర్తి హేడ్రియన్ కట్టడం మొదలెట్టించాడు, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 73 మైళ్ళు. గోడ పక్కనే నడిచే దారి 84 మైళ్ళు, మొత్తం నడిచేవాళ్ళు వారం పైన పెట్టుకుంటారు. మనకి అంత అక్కర్లేదు.

నేనైతే పెద్దవాళ్ళకి హౌస్‌స్టెడ్స్, విండొలాండా, ఈ రెండు రోమన్ సైనికుల కోటలే చెప్తాను. హౌస్‌స్టెడ్స్‌లో కార్ పార్క్ నుంచి కొండెక్కాలి, నెమ్మదిగా పావుగంట. సైనికుల మరుగుదొడ్లు ఇప్పటికీ ఉన్నాయి, చుట్టూ బెంచీలు వేసి అందరూ పక్కపక్కనే కూచునేవారట, కింద నీళ్ళు పారుతూ ఉండేవి, కడుక్కోడానికి కర్రకి కట్టిన స్పాంజి. మా పెదనాన్న ఆ గుంటల చుట్టూ తిరిగి తిరిగి "వీళ్ళకి ఇంత ప్లానింగుండి ఇప్పటివాళ్ళు కాగితమేంటే" అన్నారు, జవాబు చెప్పలేకపోయా.

విండొలాండాలో అసలు మజా. 1973లో అక్కడ తవ్వకాల్లో సన్నటి చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒక సైనికుడికి ఇంటినుంచి మేజోళ్ళూ, చెప్పులూ, రెండు జతల లోదుస్తులూ పంపాం అని ఎవరో రాశారు, రెండువేల ఏళ్ళయినా పిల్లల్ని దూరం పంపిన ఇళ్ళల్లో బాధ ఒకటే. ఇంకో ఉత్తరంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ లెపిడీనా అనే స్నేహితురాలిని సెప్టెంబర్ 11న నా పుట్టినరోజుకి రా అని పిలుస్తుంది, చివర రెండు ముక్కలు తన చేత్తో స్వయంగా రాసింది, మిగతాది రాయసగాడి దస్తూరీ, చూడగానే తేడా తెలిసిపోతుంది. అసలు ఉత్తరాలు ఎక్కువ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని ఇక్కడ పెడతారు. తోలు చెప్పులు వేలల్లో దొరికాయి, పసిపిల్లల చెప్పులతో సహా.

టికెట్ల విషయం: హౌస్‌స్టెడ్స్ నేషనల్ ట్రస్ట్ వాళ్ళదే అయినా నడిపేది ఇంగ్లిష్ హెరిటేజ్ అనే ఇంకో సంస్థ, రెండిట్లో ఏ మెంబర్‌షిప్పున్నా ఫ్రీ. విండొలాండా వేరే ట్రస్టు, దానికి టికెట్ విడిగా కొనాలి. బయటి దేశం నుంచి వచ్చేవాళ్ళకి ఇంగ్లిష్ హెరిటేజ్ 9 రోజులు, 16 రోజులు పాసులిస్తుంది, అమ్మానాన్నలకి లెక్కేసుకోండి.

బెజవాడ_బుల్లోడు
ఆ ఫేమస్ చెట్టు అక్కడే కదా ఆంటీ, నరికేశారు?

న్యూకాసిల్_సుబ్బలక్ష్మి
అవును నాయనా, సికమోర్ గ్యాప్ చెట్టు. 2023 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి రంపంతో కోసేశారు. గోడ మీద కూడా పడింది. కోసిన ఇద్దరికీ 2025లో నాలుగేళ్ళ మూడు నెలల జైలు పడింది. మా ఆఫీసులో మర్నాడు పొద్దున్న ఎవరూ సరిగా మాట్లాడుకోలేదంటే నమ్ము. మొద్దుకి చుట్టూ కంచె వేశారు, 2024లో దానికే చిగుళ్ళొచ్చాయి. స్టీల్ రిగ్ కార్ పార్క్ నుంచి గోడెంబడే నడిస్తే వస్తుంది కానీ దారంతా రాతిమెట్లు, పైకీ కిందకీ, అమ్మగారు వద్దు. నాన్నగారొక్కరే అయితే భేషుగ్గా వెళ్ళొచ్చు. అన్నట్టు నన్ను ఆంటీ అనకు, నీకన్నా చిన్నదాన్నేమో.

గోదారి_గట్టు
అప్‌డేట్! నిన్న డోర్కింగ్ వెళ్ళొచ్చాం. మట్టిబూట్లు గారికి నాన్న ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు. రైలు సూపర్, డీప్‌డీన్‌లో మెట్లు అమ్మ నా చెయ్యి పట్టుకుని దిగేసింది. కోడి బొమ్మ దగ్గర అరగంట ఫోటోలే. శ్మశానంలో వెతుక్కోవాల్సొచ్చింది, అక్కడ కుక్కతో నడుస్తున్న పెద్దాయన్ని అడిగితే "మీరు గోదావరి నుంచా" అని ఆయనే ఎదురు అడిగి చూపించాడు, మనవాళ్ళు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటారట! నాన్న ఇంటి దగ్గర్నుంచి చిన్న సీసాలో గోదారి నీళ్ళు పట్టుకొచ్చారని నాకు అప్పటిదాకా తెలీదు. రాయి మీద పోసి ఏం మాట్లాడకుండా నిలబడ్డారు, తర్వాత చుట్టూ గడ్డి పెరిగిందని చేత్తో పీకడం మొదలెడితే అమ్మ "ఇక్కడ అలా పీకచ్చో లేదో, ఆపండి" అని కేకలు.

బాక్స్ హిల్‌కి అడుగు రాళ్ళ మీదుగా నేనూ నాన్నా, అమ్మ టాక్సీలో. పైన అడవిలో లాబిలియేర్ అని ఒకాయన రాయి కనపడింది, 1800లో ఆయన్ని తలకిందులుగా పాతిపెట్టారట, లోకమంతా తలకిందులుగా ఉంది కాబట్టి ఎప్పటికైనా అది తిరగబడితే నేనొక్కణ్ణే సరిగ్గా ఉంటానని చెప్పుకున్నాడట. నాన్నకి ఈయన కాటన్ తర్వాత రెండో హీరో అయిపోయాడు.

ఒకటే సమస్య. పొలంలో ఆవులు మా వెనకాలే వచ్చాయి. పెద్దవి, ఓ ఇరవై దాకా. నాన్న "హై హై" అని చెయ్యి ఊపితే ఆగాయి కానీ నాకు గుండె ఆగినంత పనైంది. అలా వస్తే ఏం చెయ్యాలి?

మట్టిబూట్లు
సంతోషమండీ! నాన్నగారు చేసిందే కరెక్ట్. కుర్ర దూడలు ఆత్రం కొద్దీ వెంటపడతాయి, పరిగెత్తకూడదు, తిరిగి నిలబడి చేతులు చాపితే ఆగుతాయి. ప్రమాదం తల్లీ దూడా ఉన్నప్పుడే, వాటి మధ్యలోంచి అస్సలు వెళ్ళకండి, దారి వదిలి పొలం అంచు చుట్టూ తిరిగైనా వెళ్ళండి. కుక్క ఉంటే ఇంకా ప్రమాదం, ఆవులు మీదకొస్తే కుక్కని వదిలెయ్యాలి, అది తప్పించుకుంటుంది, మనం తప్పించుకోలేం. ఆంబోతుల సంగతి, పాడి జాతివి పది నెలలు దాటితే దారి ఉన్న పొలంలో వదలకూడదని చట్టం. మాంసం జాతివి ఆవులతో కలిపి వదలొచ్చు, కాబట్టి బోర్డు చూసి వెళ్ళండి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి రండి, తెరిచుంటే తెరిచే, మూసుంటే మూసే.

రాళ్ళసీమ
దురదగొండి లాంటి మొక్కలు కూడా ఉంటాయి దారెంబడి, నెటిల్స్. జూన్‌లో నడుము దాకా పెరుగుతాయి, నిక్కర్లు వద్దు. ఫెర్న్ పొదల్లో తిరిగొస్తే ఇంటికొచ్చినాక మడమల దగ్గర, మోకాలి వెనక పిడుదులున్నాయేమో చూసుకోవాల, పట్టకారుతో తలకాడ పట్టి నిదానంగా లాగాల, నలపకూడదు. ఏవ్‌బరీ ఎప్పుడొస్తున్నావన్నా? బస్సు దిగేసరికి నేనక్కడుంటా.

గోదారి_గట్టు
వచ్చే శనివారం వస్తాం అన్నా, పులిహోర నీకూ కలిపి తెస్తా. సుబ్బలక్ష్మి గారూ, న్యూకాసిల్‌కి నెలాఖరులో అనుకుంటున్నాం. విండొలాండాలో ఇప్పటికీ తవ్వుతున్నారని నాన్న ఎక్కడో చదివారట, అది చూడొచ్చా? కారు లేకుండా అవుతుందా?

న్యూకాసిల్_సుబ్బలక్ష్మి
చూడొచ్చండీ, వేసవి అంతా వాలంటీర్లు తవ్వుతూనే ఉంటారు, తాడు అవతల నిలబడి అడిగితే ఏం దొరికిందో చెప్తారు కూడా. అయితే శని ఆదివారాలు తవ్వకం ఉండదు, వారం మధ్యలో రండి. న్యూకాసిల్ నుంచి కార్లైల్ లైన్ మీద హెక్సమ్ దాకా రైలు, అక్కడినుంచి ఏడీ122 అనే బస్సు గోడెంబడే పోతుంది, గోడ కట్టిన సంవత్సరమే దాని నంబరు. చలికాలం తిరగదు, జూన్‌లో ఉంటుంది కానీ గంటల తేడాతో ఉంటుంది కాబట్టి వెనక్కొచ్చే ఆఖరి బస్సు టైము ముందే ఫోటో తీసి పెట్టుకోండి. రాత్రికి మా ఇంట్లోనే భోజనం, మొహమాటపడకండి, అమ్మగారికి కింద గది ఉంది, మెట్లెక్కక్కర్లేదు.